నా భర్త నేపాలీ పౌరుడు: ఆయన దుకాణం ఖాతా నా పేరు మీద తెరవమంటున్నారు

హనుమకొండ ఆడపడుచు:
నా భర్త చిన్నప్పుడే వాళ్ల నాన్నతో హనుమకొండ వచ్చారు. నయీంనగర్‌లో కాలేజీ పిల్లలకు మోమోలు, నూడుల్స్ చేసి అమ్ముతారు. పాన్, ఆధార్, ఆహార లైసెన్సు, దుకాణం అద్దె ఒప్పందం అన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి. వ్యాపారానికి వాడే కరెంట్ ఖాతా అడిగితే బ్యాంకు మేనేజరు, "విదేశీయులకు కుదరదమ్మా, మీ పేరు మీద తెరవండి" అన్నారు. ఆ మాటే రాసివ్వమంటే రాసివ్వరు.

ఇప్పటికి క్యూఆర్ కోడ్ నా పొదుపు ఖాతాదే పెట్టాం. ఆదాయపు పన్ను రిటర్ను ఆయనది, పిల్లలు కట్టే డబ్బు పడేది నా ఖాతాలో. రేపు పెద్ద ఫ్రీజరుకు అప్పు అడిగితే "మీకు లావాదేవీలే లేవు కదా" అంటారు. పొద్దున్నే క్యాబేజీ తరిగేది, అర్ధరాత్రి షట్టర్ దించేది ఆయన. ఆ సంపాదన ఆయన పేరు మీదే కనిపించాలి. చట్టం నిజంగా వద్దంటుందా?

పన్నుల సలహాదారు, కరీంనగర్:
వద్దనదు. ఫెమా, అంటే విదేశీ మారక నిర్వహణ చట్టం, 1999 చూసేది నివాసాన్ని, పౌరసత్వాన్ని కాదు. గత ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకు మించి ఇక్కడ ఉండి వ్యాపారం చేసుకుంటున్న వ్యక్తి భారత నివాసే. పైగా 1950 భారత్–నేపాల్ ఒప్పందం 7వ అధికరణం నివాసం, వ్యాపారం విషయాల్లో ఇరు దేశాల పౌరులకూ పరస్పర సమానత్వం ఇచ్చింది. స్థిరాస్తి కొనాలంటే మాత్రం నేపాలీ పౌరులకు రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. ఐదేళ్లు మించని లీజుకు అక్కర్లేదు. ఖాతాకు యజమాని గుర్తింపుతో పాటు వ్యాపారానికి రెండు రుజువులు అడుగుతారు. దుకాణాల చట్టం కింద ఇచ్చిన ధ్రువపత్రం, దుకాణం ఆదాయం చూపిన రిటర్ను జతచేయండి.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, వరంగల్:
అమ్మా, పాకిస్థాన్, బంగ్లాదేశ్ పౌరుల ఖాతాలకు ప్రత్యేక ఆంక్షలున్నాయి. వాటిని చూసి కొందరు అధికారులు విదేశీయులందరి ముందూ తలుపు మూసేస్తారు. సంతకం పెడితే రేపు తామే జవాబు చెప్పుకోవాలని భయం. ఆ భయానికి మీ ఇంటాయన మూల్యం చెల్లించడం అన్యాయం. నోటిమాటగా అడగకండి, అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. కాదంటే బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. వివరాలకు 14448కు ఫోన్ చేయండి.

అప్పు సంగతి వేరు. చిన్న వ్యాపారాలకిచ్చే ప్రభుత్వ పథకం 'ముద్ర' రుణం భారత పౌరులకే. మామూలు రుణం ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం, అంబుడ్స్‌మన్ అందులో కలగజేసుకోరు. ముందు ఖాతా సాధించండి.

కాజీపేట కుర్రాడు:
అక్కా, ఇంత తిరుగుడు ఎందుకు? మీ పేరు మీద తెరిస్తే వెంటనే అయిపోతుంది కదా.

హనుమకొండ ఆడపడుచు:
అయిపోతుంది తమ్ముడూ. కానీ పదేళ్ల తర్వాత కూడా ఏ బ్యాంకులోనూ ఆయన వ్యాపారిగా కనిపించరు. అందుకే ఒప్పుకోను. సార్, బ్రాంచిలో ముద్ర వేయకపోతే అర్జీ స్పీడ్ పోస్టులో పంపవచ్చా?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, వరంగల్:
పంపండి. రసీదు జాగ్రత్త చేసుకోండి, ఒక ప్రతి పై కార్యాలయానికి కూడా పంపండి.