అప్‌డేట్: ట్యూబ్ హెడ్‌ఫోన్ ఆంప్ కొనేశా
నా 300 ఓమ్స్ సెన్‌హైజర్ హెచ్‌డి 650 హెడ్‌ఫోన్స్‌కి ట్యూబ్ ఆంప్ (గాజు వాక్యూమ్ ట్యూబులతో నడిచే ఆంప్లిఫయర్) కొనాలా, ఉన్న సాలిడ్ స్టేట్ (ట్రాన్సిస్టర్ల) ఆంప్‌తో సర్దుకోవాలా అని ఇంతకుముందు అడిగా కదా, కొనేశానండి, ఓటీఎల్ టైపు, అంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. వోకల్స్ అయితే అదిరిపోయాయి, బేస్ నిండుగా ఉంది కానీ కాస్త లూజు. ఇదంతా ట్యూబ్ మహిమేం కాదులెండి, ఆంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (కరెంట్‌కి అడ్డుపడే గుణం, ఓమ్స్‌లో కొలిచేది) ఎక్కువ, హెచ్‌డి 650 ఇంపీడెన్స్ బేస్ దగ్గర ఇంకా పెరుగుతుంది, అందుకే అక్కడ వోల్టేజ్ కాస్త ఎక్కువ అందుతుంది. గోరుతో ట్యూబ్‌ని తడితే చెవిలో టింగ్‌మంటోంది, వేలు ఆనిస్తే చుర్రుమంటోంది. మీరు చెప్పినట్టే ట్యూబులు వేడెక్కాకే హెడ్‌ఫోన్ జాక్ పెడుతున్నా. 32 ఓమ్స్ ఇయర్‌ఫోన్స్‌కి మాత్రం దండగ, ఒకటే హిస్ (బుస్సుమనే రొద), వాటికి పాత ఆంపే. ఇంకో జత ట్యూబులు కొనాలని అప్పుడే చెయ్యి దురద పెడుతోంది 😅