1968కి ముందు మనిషి మాంసం తినే జాంబీ ఉందా?

జాంబీలు, అంటే చచ్చి లేచిన శవాలు, మనుషుల్ని తినడం ఎప్పుడు మొదలైందో వెతుకుతూ ఒక చోట ఆగిపోయాను. 1932 నాటి ‘వైట్ జాంబీ’ సినిమా చూశాను. అందులో జాంబీలు హైతీలో చక్కెర మిల్లు తిప్పుతూ నోరెత్తకుండా చాకిరీ చేస్తాయి తప్ప ఎవరినీ కొరకవు. బానిసత్వపు భయంలోంచి పుట్టిన కథ కాబట్టి అది సహజమే. 1966 నాటి ‘ది ప్లేగ్ ఆఫ్ ది జాంబీస్’లోనూ అంతే, ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తగరం గనిలో వెట్టిచాకిరీ. 1954లో రిచర్డ్ మాథెసన్ రాసిన ‘ఐ యామ్ లెజెండ్’ కూడా చదివాను. అంటురోగం ఉంది గానీ, అది సోకినవాళ్లు రక్తం తాగే వ్యాంపైర్లు. 1968లో జార్జ్ రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’కి వచ్చేసరికి శవాలు లేచి మనుషుల్ని పీక్కు తింటున్నాయి! ఇంత పెద్ద మార్పు ఉన్నట్టుండి వచ్చిందంటే నమ్మబుద్ధి కావడం లేదు.

అంతకుముందే, లేచిన శవం మనిషి మాంసం తినే కథ గానీ సినిమా గానీ మీకు తెలుసా?