ప్రాక్టీస్ గదుల పియానోలు: తీసేయాలా, నిలబెట్టుకోవాలా?

గల్లాపెట్టె: అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీ మ్యూజిక్ డిపార్ట్‌మెంట్ అనుకోండి. మొత్తం 40 పియానోలు. ప్రాక్టీస్ గదుల్లోని అప్‌రైట్‌లు (తీగలు నిలువుగా ఉండే పియానోలు) 24, వాటిలో సగం 30 ఏళ్లు దాటినవి. నిధులు ఒక్కసారే వస్తాయి. ఆ 24 తీసేసి డిజిటల్ పెట్టేద్దామా, ఉన్నవాటినే బాగుచేయించుకుందామా?

ఎనభైఎనిమిది: డిజిటలే. శ్రుతి ఖర్చు లేదు, చలికాలం గొడవ లేదు, రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించుకోవచ్చు. ఏడాదికి మూడుసార్లు 24 పియానోలు శ్రుతి చేయించడమంటే 72 విజిట్లు!

శ్రుతిపిన్ను: ఒక టీచరు, పన్నెండు మంది పిల్లలు ఉండే క్లాస్ పియానో ల్యాబ్‌కైతే డిజిటలే సరి, అందులో వాదనే లేదు. పియానోనే ప్రధాన సబ్జెక్టుగా చదివే మేజర్ల సంగతి వేరండీ. సుత్తి తీగకు తగిలే ముందు చేతికి తెలిసే ఆ చిన్న పట్టు అప్‌రైట్‌లోనే అంతంతమాత్రం, డిజిటల్‌లో అది ఉత్త అనుకరణ. పైగా పదిహేనేళ్లకు సర్క్యూట్ బోర్డు పోతే విడిభాగం దొరకదు. అదే అప్‌రైట్‌కి సుత్తులు, తీగలు ఇప్పటికీ చేయించుకోవచ్చు.

ఇక 72 విజిట్లంటారా, అన్నిసార్లు చేయించాల్సి రావడానికి కారణం తేమ. హీటర్లు మొదలయ్యాక గదిలో తేమ 20 శాతానికి పడిపోతుంది, జులైలో 70 దాటుతుంది. సౌండ్‌బోర్డు (తీగల వెనక మోగే పలక) చెక్క ఎండితే దాని ఉబ్బు తగ్గుతుంది, తీగలు ఆనే బ్రిడ్జి కిందికి దిగుతుంది, తీగలు వదులవుతాయి. బాస్ (మంద్ర తీగలు) అయిపోయి టెనర్ (మధ్య తీగలు) మొదలయ్యే చోట ఇది అన్నిటికన్నా ఎక్కువ, 15-20 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) తప్పడం మామూలే. అంత దిగినదాన్ని ఒకే దఫాలో 440కి (A స్వరం 440 హెర్ట్జ్ ఉండే ప్రామాణిక శ్రుతికి) లాగితే నిలవదు. దాదాపు 230 తీగలు కదా, చివరి తీగ బిగించేసరికి మొదటివి మళ్లీ దిగి ఉంటాయి. ముందు కాస్త ఎక్కువకే చకచకా లాగి, రెండో దఫాలో సరిచేయాలి.

కాబట్టి మొదటి రూపాయి పియానో లోపల తేమను నిలకడగా ఉంచే డాంప్-చేజర్ లాంటి తేమ యంత్రాలకు పెట్టండి.

గల్లాపెట్టె: ఆ యంత్రాలు చాలాచోట్ల పెట్టి వదిలేసినవే కదండీ?

శ్రుతిపిన్ను: నిజమే. పసుపు లైటు వెలిగితే నీళ్లు పోయాలి, ఎర్రది వెలిగితే ప్యాడ్‌లు మార్చాలి. ఎవరూ చూడరు. ఇంకా ఘోరం, ఫోన్ ఛార్జర్ కోసం దాని ప్లగ్గే పీకేస్తారు. సాకెట్‌కి మూత బిగించండి, వారానికోసారి నీళ్లు పోసే పని ఒక స్టూడెంట్ వర్కర్‌కి పేరు పెట్టి అప్పజెప్పండి. "అందరి పని" అంటే జనవరికల్లా ట్యాంకులన్నీ ఖాళీ.

బాస్‌తీగ: అన్నీ నిలబెట్టాలనడం మాత్రం అతి. టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే పానాతో) ప్రతి పియానోలో తీగలు చుట్టిన పిన్నులు పదైనా చూడండి. 40 ఇంచ్-పౌండ్లకు దిగినవి ఎక్కువైతే పిన్‌బ్లాక్ (పిన్నులు దిగిన చెక్క దిమ్మ) పట్టు పోతున్నట్టే, తేమ యంత్రం దాన్నేం చేయలేదు. లావు పిన్నులు వేస్తే కొన్నేళ్లు నడుస్తుంది. చవక అప్‌రైట్‌కి కొత్త పిన్‌బ్లాక్ వేయించడం దండగ, దాన్ని లిస్టులోంచి తీసేయండి.

సుత్తుల ఫెల్ట్‌లో (మెత్తటి ఉన్ని పొరలో) గాట్లు పడ్డవి మాత్రం వేరే లెక్క. అరగదీస్తే గొంతు మళ్లీ మెత్తబడుతుంది. పై రెండు ఆక్టేవ్‌లలో జాగ్రత్త, అక్కడ ఫెల్ట్ ముందే పల్చన, కర్ర బయటపడుతుంది. అరగదీశాక సుత్తి-తీగ దూరం మళ్లీ 45 మిల్లీమీటర్ల దగ్గరికి తేవాలి. ఈ పని వదిలేసి శ్రుతి మాత్రమే చేయించి, "పియానో బాగోలేదు" అంటుంటారు.

ఎనభైఎనిమిది: సరే, పిన్నులు పోయినవాటి చోటైనా డిజిటల్ పెట్టనివ్వండి!

బాస్‌తీగ: పెట్టండి, ల్యాబ్‌కి దగ్గరి గదుల్లో. ముందు పాడయ్యేది హెడ్‌ఫోన్ జాక్, పొట్టి ఎక్స్‌టెన్షన్ వైరు తగిలించి లాగులాటంతా దాని మీద పడేలా చూడండి.