ఏఎమ్ హెర్క్యులిస్ ఇంత డల్‌గా వస్తోంది, నా కొలత తప్పా?

మేడమీద_టెలిస్కోప్:
అందరికీ నమస్తే. అభిజిత్ (వేగా) నక్షత్రానికి కాస్త ఉత్తరంగా ఉండే, వెలుగు మారే జంట నక్షత్రం ఏఎమ్ హెర్క్యులిస్‌ని మూడు రాత్రుల నుంచి 8 అంగుళాల టెలిస్కోప్‌తో తీస్తున్నా, పాత గ్రాఫుల్లో 13 మ్యాగ్నిట్యూడ్ దగ్గరుంటే నాకు 15 (అంకె పెరిగితే వెలుగు తక్కువ) వస్తోంది, పక్క స్టార్లతో పోల్చి మళ్లీ మళ్లీ చూశా, అదే. ఇంకో డౌటు, వెలుగు టైమ్‌తో మారే గ్రాఫుల్లో, ఎక్స్-రే కర్వూ ఆప్టికల్ (కంటికి కనిపించే వెలుగు) కర్వూ రెండూ 3 గంటలకోసారి రిపీట్ అవుతాయి గానీ పీకులు ఒకచోట పడట్లేదు. ఎందుకలా?

సంధ్యాతార:
నీ కొలత కరెక్టే తమ్ముడూ, అది లో స్టేట్‌లో (వెలుగు తగ్గిన దశలో) ఉన్నట్టుంది. పక్కనున్న ఎర్ర నక్షత్రం నుంచి వైట్ డ్వార్ఫ్ (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం) మీదికి గ్యాస్ ధార పడుతుంటేనే వెలుగు, ధార సన్నబడితే ఎక్స్-రే కూడా పడిపోతుంది. ఇలాంటి మామూలు జంటల్లో వైట్ డ్వార్ఫ్ చుట్టూ గ్యాస్ డిస్క్ ఉంటుంది, అది సంపులాంటిది, కాసేపు నెట్టుకొస్తుంది. ఇక్కడ సుమారు 14 మిలియన్ గాస్ అయస్కాంత ఫీల్డ్ డిస్క్‌ని ఏర్పడనివ్వదు, గ్యాస్ నేరుగా వైట్ డ్వార్ఫ్ అయస్కాంత ధ్రువం మీదికే, సంపు లేని ఇంట్లో నల్లా కట్టేసినట్టే. ఎర్ర నక్షత్రం మీది మచ్చలు ధార బయల్దేరే చోటికి వచ్చి అడ్డుపడతాయని ఒక వాదన, నాకదే నమ్మకంగా ఉంది.

ఫోటాన్_వేట:
పీకుల సంగతి నేను చెప్తా. గ్యాస్ సెకనుకి వేల కిలోమీటర్ల స్పీడుతో వచ్చి ఉపరితలానికి కాస్త పైన షాక్ తిని (ఒక్కసారిగా నెమ్మదించి) కోట్ల డిగ్రీలకి వేడెక్కుతుంది, హార్డ్ (ఎక్కువ శక్తి ఉన్న) ఎక్స్-రేలు అక్కడివే, అన్ని వైపులకీ పోతాయి, వైట్ డ్వార్ఫ్ తిరుగుతూ ఆ ధ్రువం అవతలికి పోతేనే తగ్గుతాయి. ఆప్టికల్‌లో చాలా భాగం సైక్లోట్రాన్ వెలుగు (ఫీల్డ్ లైన్ల చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లు ఇచ్చేది), అది ఫీల్డ్ లైన్లకి అడ్డంగా ఎక్కువ కొడుతుంది కాబట్టి ధ్రువాన్ని పక్క నుంచి చూసినప్పుడు పీక్. ఆ వెలుగు బాగా పోలరైజ్ అయి (తరంగాలు ఒకే తీరులో ఊగుతూ) ఉందని 1976లో ఖగోళ శాస్త్రవేత్త తాపియా కొలిచాడు, ఈ రకం నక్షత్రాలకి పోలార్ అనే పేరు అందుకే. 1983లో ఎక్సోశాట్ అనే ఎక్స్-రే శాటిలైట్ చూసినప్పుడైతే సాఫ్ట్ (తక్కువ శక్తి ఉన్న) ఎక్స్-రేలు రెండో ధ్రువం నుంచి వచ్చాయి, అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు!

మేడమీద_టెలిస్కోప్:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. మరి ఇలా డల్‌గా ఉన్నప్పుడు తీసిన డేటా ఎవరికైనా పనికొస్తుందా?

సంధ్యాతార:
ఇప్పుడే ఎక్కువ పనికొస్తుంది. ఎక్స్-రే శాటిలైట్‌కి ఒక్కో స్టార్ మీద దొరికే టైమ్ చాలా తక్కువ, ఆ టైమ్‌లో అది హై స్టేటా లో స్టేటా, ఎప్పుడు లేస్తోంది అన్నది రోజూ చూసే మనలాంటివాళ్ల లిస్టుల్లోంచే తెలుస్తుంది. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లో ఎక్స్-రే, అల్ట్రావయొలెట్ టెలిస్కోపులు కలిపి పెట్టింది కూడా ఇలాంటి మారే స్టార్లని ఒకేసారి చూడ్డానికే. ఏఏవీఎస్ఓలో (మారే నక్షత్రాల కొలతలు సేకరించే సంఘం) అకౌంట్ తీసుకుని వేసెయ్, టైమ్ సెకన్లతో సహా రాయి, వాడిన ఫిల్టర్ పేరు మర్చిపోకు.

మేడమీద_టెలిస్కోప్:
ఈ రాత్రే మొదలుపెడతా అక్కా, మబ్బు విడిచింది.