‘లోపల నుండి’నా, ‘లోపల నుండు’నా?

(మాట్లాడేటోళ్లను వాళ్ల ఊరి పేర్లతో చెప్పినం.)

నకిరేకల్: పోతన గజేంద్రుని మొరను తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంగ్లీషులో చెప్పాలె. ‘జగమెవ్వని లోపల నుండి లీనమై’ అని నోట్లో ఆడుతున్నది. ఫ్రమ్ విదిన్ అంటే ‘లీనమై’తో పొసగదు. పాదం ఎట్లుంటది?

దేవరకొండ: ‘నుండి’ కాదు సార్, ‘నుండు’. ‘ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపల నుండు లీనమై’. లోపలన్ + ఉండు. విభక్తి అనుకుంటే ఆ వాక్యానికి క్రియే మిగలదు. ఫ్రమ్ తీసేసి ఇన్ పెట్టండి.

వనపర్తి: ‘ఎవ్వనియందు డిందు’కు మాత్రం ఇంటూ కావాలె. ఉండుటకు ఇన్, అణగి కలిసిపోవుటకు ఇంటూ. మన ‘అందు’కు ఆ తేడా అక్కరలేదు, క్రియే చూసుకుంటది. ఇంకోటి, జనించు, ఉండు, డిందు మూడూ తద్ధర్మాలు. ‘ఈజ్ బీయింగ్ బార్న్’ అని రాయొద్దు, ఎల్లకాలం జరిగేదానికి సింపుల్ ప్రెజెంటే. ‘వేఁడెదన్’కు విల్ కూడా వద్దు, శరణు రేపటికి పోతది. ఐ సీక్ చాలు.

నకిరేకల్: ‘ఎవ్వనిచే’కు బార్న్ బై అని పెట్టిన.

దేవరకొండ: బార్న్ పక్కన బై నిలవదు. తల్లిదండ్రులను చెప్తే టు, మూలం చెప్తే ఆఫ్ లేదా ఫ్రమ్. బై వచ్చేది చివర ఇ (e) ఉన్న స్పెల్లింగుకు (borne), అది మోసుడు, కనుడు.

హాలియా: ఫ్రమ్ పెడితే పోతన చేసిన పని పోతది. సంస్కృత భాగవతంల ‘యస్మిన్నిదం యతశ్చేదం యేనేదం’, సప్తమి (అందు), పంచమి (వలన), తృతీయ (చే) మూడూ ఉన్నయి. పుట్టుకకు ఆయన ‘వలన’ అనలేదు, ‘చే’ అన్నడు. పుట్టించేటోడు కర్త అని నా పట్టు. క్రియేటెడ్ బై అనండి.

వనపర్తి: జనించు అకర్మకం సార్, దానికి కర్మ ఉండదు. దానికి క్రియేటెడ్ ఎట్ల?

హాలియా: అట్లయితే ‘అల వైకుంఠపురంబులో’ పద్యంల ‘ఆ మూలసౌధంబు దాపల’ చెప్పండి. అందరూ బిసైడ్ అంటరు. మన అరకకు దాపలెద్దు ఎడమది, వలపలెద్దు కుడిది. టు ద లెఫ్ట్ ఆఫ్ ఎందుకు కాదు?

దేవరకొండ: దాపు అంటే దగ్గర. బిసైడే. ఎస్ మాత్రం చేర్చొద్దు, ‘అదిగాక’ అయితది.

హాలియా: దగ్గరే అయితే ‘దాపున’ అనేటోడు. గణం కూడా చెడదు.

వనపర్తి: గణం చెడదు, ప్రాస చెడ్తది. అల, పల, త్పల, హ్వల. నాలుగు పాదాల్లో రెండో అక్షరం ‘ల’ రావాలె. ‘దాపున’కు అక్కడ చోటే లేదు, కాబట్టి ఎడమ అని దాంతో తేల్చలేం.

హాలియా: దగ్గర అని కూడా తేల్చలేం.

నకిరేకల్: ‘నుండు’ దిద్దిన. ‘చే’కు ఇంతకూ ఏం రాయాలె?