కీర్తన 68:11లో "స్త్రీలు" ఎవరు పెట్టారు?

ఒంగోలు నుంచి: మా స్త్రీల సమాజం వార్షికోత్సవానికి ఫ్లెక్సీ కొట్టిస్తున్నాం. "ప్రభువు మాట సెలవిచ్చుచున్నాడు, దానిని ప్రకటించు స్త్రీలు గొప్ప సైన్యముగా ఉన్నారు" అని వేద్దామంటే సంఘపెద్ద ఒకాయన కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్ తీసి, ఇందులో ఆడవాళ్ల ఊసే లేదు, తెలుగులో ఎవరో చేర్చారు అంటున్నారు. నిజమేనా సార్? గురువారం లోపల షాపుకి మ్యాటర్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

నెల్లూరు నుంచి: చేర్చలేదమ్మా, వదిలేసింది ఇంగ్లీషువాళ్లే. హీబ్రూలో ఆ "ప్రకటించు" మాట "మెబస్సెరోత్", క్రియ నుంచి పుట్టిన ఇలాంటి మాటకు చివర "ఓత్" వస్తే ఆడవాళ్లనే అర్థం. 1611 నాటి కింగ్ జేమ్స్‌లో అది కనపడకుండా ప్రకటించినవాళ్ల గుంపు అనేసి ఊరుకున్నారు, 1885లో ఆ ఇంగ్లీషు బైబిల్‌నే సవరించినప్పుడు స్త్రీలు మళ్లీ వచ్చారు.

తెలుగులో చిక్కు ఎక్కడంటే, ఏకవచనంలో ఆడా మగా తేడా తెలుస్తుంది గానీ బహువచనానికి వచ్చేసరికి మనుషులంతా "వారు". "ప్రకటించువారు" అని రాస్తే మన దగ్గరా ఆడవాళ్లు మాయమయ్యేవాళ్లే, అందుకే "స్త్రీలు" అని విడిగా రాయాల్సి వచ్చింది. పక్క వచనంలో "ఇంట నిలిచినది" అని ఉంటుంది చూడండి, అక్కడ ఒక్కతే కాబట్టి ఆ "ది"తోనే పని జరిగిపోయింది.

ఇంకోటి, మీ పెద్దాయన ఉండేది ఒంగోలు కదా. 1854 జనవరి 1న పొద్దు పొడిచే వేళ మీ ఊరి కొండెక్కి ప్రార్థన చేసింది అయిదుగురు: అమెరికా బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, నరసు, జూలియా, రూతు. అందులో ముగ్గురు ఆడవాళ్లే, ఇద్దరు మన తెలుగువాళ్లు! అమెరికాలో బాప్టిస్టు స్త్రీలు బోస్టన్‌లో ఒకటి, చికాగోలో ఒకటి సొంత మిషన్ సమాజాలు పెట్టుకున్నది 1871లో, అంటే 17 ఏళ్ల తర్వాత. ఆ సమాజాలను తక్కువ చేయడం లేదు. మగవాళ్ల మిషన్ బోర్డులు పెళ్లికాని ఆడవాళ్లను పంపడానికి వెనకాడేవి, ఇక్కడేమో పరాయి మగవాడి ఎదుటికి రాని ఇల్లాళ్ల దగ్గరికి ఆడమనిషి తప్ప ఎవరూ వెళ్లలేరు. అందుకని ఆ స్త్రీలే చిల్లర చిల్లరగా కూడబెట్టి టీచర్లను, డాక్టర్లను పంపారు, ఇక్కడి బైబిలు స్త్రీలకు జీతాలిచ్చారు. బైబిలు స్త్రీ అంటే భక్తురాలు అనుకుంటారు చాలామంది, కాదు, అదొక ఉద్యోగం: ఇల్లిల్లూ తిరిగి చదివి వినిపించడం, అక్షరాలు నేర్పడం. దొరసానుల పేర్లు రిపోర్టుల్లో పూర్తిగా ఉంటాయి, వీళ్లలో చాలామందికి వట్టి "బైబిలు స్త్రీ" అనే, పేరుండదు.

కావలి నుంచి: అన్నా, "ప్రకటించు" కూడా కొంచెం తక్కువే. హీబ్రూ మాటలో శుభవార్త తేవడం ఉంది, యుద్ధం గెలిచిన కబురు ఆడవాళ్లు తంబురలతో పాడుకుంటూ తెచ్చేవాళ్లు కదా, ఎర్రసముద్రం దాటాక మోషే అక్క మిర్యాము పాడిన పాట అలాంటిదే. తెలుగులో ఆ సంతోషం పోయి టముకు వేసినట్టు అయింది.

సమాజం అంటే గుర్తొచ్చింది. మా పల్లెలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పాత పాల డబ్బాలో వేసేవాళ్లు. ఆదివారం గుడిలో చాప మీద పోస్తే మొలగొలుకులూ, రేషన్ బియ్యమూ, నూకలూ అన్నీ కలిసిపోయేవి, వాటిని సోలతో కొలిచి వేలం వేసేవాళ్లు. గుడి రేకుల కప్పులో సగం ఆ డబ్బే. మార్చి మొదటి శుక్రవారం స్త్రీల ప్రపంచ ప్రార్థన దినం నాడు ఈ వచనమే చదివేవాళ్లు, వాక్యం చెప్పేది మాత్రం పాస్టరుగారు!

ఒంగోలు నుంచి: మా దగ్గరా అంతే అన్నా 😄 ఈసారి మా సెక్రటరీ అక్కనే చెప్పమన్నాం. సార్, "సెలవిచ్చుచున్నాడు" చూసి మా యూత్ పిల్లలు దేవుడు హాలిడే ఇచ్చాడా అని నవ్వుతున్నారు, "పలుకుచున్నాడు" అని మార్చమంటారా?

నెల్లూరు నుంచి: వద్దమ్మా, వచనాన్ని వచనంలాగే ఉంచండి. సెలవిచ్చు అంటే పెద్దలు మాట్లాడటం, ఆజ్ఞ ఇవ్వడం, పిల్లలకు ఆ పాత అర్థం తెలిస్తే మంచిదే. ప్రూఫ్ మాత్రం మీరే చూసుకోండి, "సైన్యము"లో యవత్తు ఎగరగొట్టి "సైనము" చేస్తారు షాపువాళ్లు.