రక్తం పీల్చుకుంటుందా, గుంజుకుంటదా? ‘నారికేళ సలిలము భంగిన్’

ల్యాబు తమ్ముడు, ఏలూరు:
హిమోగ్లోబిన్ చూసేందుకు రక్తం పట్టే చిన్న ప్లాస్టిక్ పలక, అదే క్యువెట్, ఎలా వాడాలో ఏఎన్‌ఎంలకు తెలుగులో రాసివ్వాలి. వేలి మీది చుక్కకు దాని కొన ఆనించగానే పది మైక్రోలీటర్ల రక్తం దానంతటదే లోపలికి పోతుంది. పంపు లేదు, నొక్కేదీ లేదు. దీనికి క్రియ ఏది? సన్నని సందులోకి ద్రవం తనంతట పాకడాన్ని ‘కేశనాళికీయత’ అని రాస్తే చదివేవాళ్లుండరు. రాత్రి నుంచి సుమతి పద్యం నోట్లో ఆడుతోంది, ‘సలిలముగ నారికేళ సలిలము భంగిన్’. మొదటి మాట అదేనా?

పద్యాల పిచ్చి, తెనాలి:
‘సలలితముగ’ తమ్ముడూ. ‘సిరి దా వచ్చిన వచ్చును సలలితముగ నారికేళ సలిలము భంగిన్, సిరి దా పోయిన పోవును కరి మింగిన వెలగపండు కరణిని సుమతీ’. సంపద వస్తే కొబ్బరికాయలోకి నీళ్లొచ్చినట్టు, పోతే కరి మింగిన వెలగపండులా. నువ్వన్నట్టు చదివితే ఒక మాత్ర తరిగి, ఐదో గణంలో ‘గనారి’ అని జగణం (లఘువు, గురువు, లఘువు) వచ్చి కూర్చుంటుంది. కందంలో బేసి గణం జగణం కాకూడదు. క్రియంటావా, ‘పీల్చుకుంటుంది’.

మాస్టారు, కరీంనగర్:
మా దిక్కు ‘గుంజుకుంటది’ అంటం. వత్తి నూనె గుంజుకుంటది, గోడ చెమ్మ గుంజుకుంటది. ఇంతకన్న మంచి మాట ఏముంది?

తెనాలి:
మాకు గుంజుకోవడమంటే చేతిలోది లాక్కోవడం, మాస్టారూ. రోగి భయపడతాడు.

డాక్టరమ్మ, విశాఖ:
పీల్చడానికి పీల్చే నోరు కావాలి. ఇక్కడ రక్తం గోడల్ని తడుపుకుంటూ తనే ముందుకు సాగుతుంది. సందు సన్నబడేకొద్దీ ఆ లాగుడు పెరుగుతుంది. కాగితంతో చేసే పరీక్ష పరికరాలకైతే ‘ఇంకుతుంది’ చక్కగా సరిపోతుంది. 2007లో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం కాగితంలో నీరంటని గట్లు కట్టి, మధ్యలో కాలువలు వదిలింది. మడికి నీళ్లు పెట్టినట్టే. కానీ క్యువెట్ కాగితం కాదు, ఇంకదు.

మాస్టారు:
పద్యంల అసలు చర్చ ‘కరి’ కాడున్నది. ఏనుగు కాదు, వెలగపండుల చేరే పురుగు అని మా గురువుగారు చెప్పేది. పెంకు నిండుగనే ఉంటది, లోపల గుజ్జుండదు.

తెనాలి:
ఆ అర్థం నేనూ విన్నాను. ‘కరి’కి పురుగని ఏ నిఘంటువులో ఉందో చూపించండి, ఒప్పుకుంటాను. పక్కనే ‘మింగిన’ అని ఉంది. పురుగు తొలుస్తుంది గానీ మింగుతుందా?

మాస్టారు:
చెట్టుకున్న పండు పెంకు పగలకుండ ఏనుగెట్ల మింగుతదమ్మా?

తెనాలి:
చెట్టునే ఉండాలని పద్యంలో ఎక్కడుంది? మింగినది మింగినట్టే బయటపడినా లోపల గుల్లే అని మా తాతగారు చెప్పేవారు.

డాక్టరమ్మ:
ఏ అర్థమైనా నాకు క్యువెట్టే గుర్తొస్తోంది. పైకి నిండినట్టుంటుంది, వెలుగుకు పట్టి చూస్తే నడుమ గాలిబుడగ. తమ్ముడూ, బుడగ కనిపిస్తే పారేసి కొత్తది తియ్యమని రాయి. రెండో చుక్కతో పూరించకూడదు. వేలు గట్టిగా పిండొద్దని కూడా రాయి. కణజాల ద్రవం కలిసి రక్తం పలచబడుతుంది, విలువ తేడా వస్తుంది.

ల్యాబు తమ్ముడు:
ఆ రెండూ పెద్ద అక్షరాల్లో పెడుతున్నానమ్మా. క్రియ దగ్గర ‘రక్తం లోపలికి ఎక్కుతుంది’ అని రాశాను. చెమ్మెక్కడం అంటాం కదా.

తెనాలి:
‘రక్తం ఎక్కించారు’ అంటే ఆసుపత్రిలో సీసా తగిలించడమే. రక్తం తక్కువైన మనిషి దగ్గర ఆ మాట వాడతావా? పద్యంలో ఉన్న క్రియే తీసుకో, ‘వచ్చును’.

మాస్టారు:
వచ్చుడు మన దిక్కుకు తమ్మీ. రక్తం మన కాడి నుంచి పోతున్నది కద!